నేను బతిమాలినా వినకూడదు

జూన్ 18

పిన్నీ,

ఫోన్ చేస్తే బాబాయి ఎత్తి, "మీ పిన్నికి ఫోనివ్వనమ్మా, ఇస్తే మళ్ళీ ఎవరికో ఏదో ఒప్పేసుకుంటుంది" అని పెట్టేశాడు. నేను కస్టమర్ని కాదు బాబాయ్, కూతుర్ని అని మొత్తుకున్నా వినలేదు. అందుకే కాగితం తీశాను. నిన్నటిదాకా ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో కూడా మర్చిపోయాను, ఇప్పుడు చూడు, తిట్లతో మొదలైపోయింది.

కాలేజీలో చేరాను. స్టాఫ్ రూంలో నాకు ఇచ్చిన బల్ల సగం ప్రింటర్‌ది, సగం నాది. ఎవరు ప్రింట్లు తీసుకోవడానికి వచ్చినా నేను కుర్చీ జరిపి లేచి నిలబడాలి. బల్ల మార్చమని అడగాలని రోజూ అనుకుంటాను, రోజూ "పర్లేదండీ" అని నవ్వుతాను.

కాలేజీలో నేనేం పాఠం చెబుతున్నానని అమ్మని అడిగావట. ఆవిడ "కంప్యూటర్లు" అని ఊరుకుని ఉంటుంది. సంగతి ఇది. ఏదైనా సాఫ్ట్‌వేర్ తయారుచేసే ముందు, రేపు దాన్ని వాడబోయే మనిషి దగ్గర కూర్చుని, నీ పనేమిటి, ఎక్కడ ఇబ్బంది పడుతున్నావు, నీకేం కావాలి అని అడిగి తెలుసుకోవాలి. ఆ తెలుసుకున్నవాటిని మేం రిక్వైర్‌మెంట్స్ అంటాం. అది సరిగ్గా చెయ్యకపోవడం వల్ల ఎవరికీ అక్కర్లేని సాఫ్ట్‌వేర్లు బోలెడు తయారై మూలన పడి ఉంటాయి. పిల్లలకి అడగడం నేర్పడమే నా పని.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ గారికి ఇది అస్సలు ఎక్కలేదు. "అడగడానికి నోరుంటే చాలు కదమ్మా, అదీ ఒక సబ్జెక్టేనా?" అన్నారు అందరి ముందూ. ఏడవలేక నవ్వాను. నాది టెంపరరీ పోస్టు పిన్నీ. సెప్టెంబర్లో కమిటీ కూర్చుని నా పిల్లలు చేసిన పని చూస్తుంది. నచ్చితే సబ్జెక్టు ఉంటుంది, నేను పర్మనెంట్ అవుతాను. నచ్చకపోతే ఇద్దరమూ ఇంటికే. నాకు ఈ పని ప్రాణం. క్లాసులోకి వెళ్తే ఆకలి కూడా గుర్తు రాదు.

అందుకని నాకు ఒక నిజమైన దుకాణం, ఒక నిజమైన మనిషి కావాలి. నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే నీ దుకాణం కంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది చెప్పు? ఆరుగురు పిల్లలు శనివారాల్లో నీ దగ్గరికి వస్తారు. వాళ్ళు అడిగినవాటికి ఓపిగ్గా జవాబు చెప్పు, చాలు. నా ఉద్యోగం నీ చేతుల్లో ఉందనుకో.

ఎవరో ప్రింట్ల కోసం వస్తున్నారు. లేవాలి.

నీ అక్క కూతురు


జూన్ 24

ఒసేయ్ పంతులమ్మా,

ఉద్యోగం నా చేతుల్లో ఉందని రాసి ఎంత పని చేశావే! అప్పట్నుంచి చేతులు వణుకుతున్నాయి. రాజుగారి కిరీటానికి రాళ్ళు అంటిస్తుంటే అన్నీ వంకరగా అంటుకున్నాయి. మీ బాబాయి చూసి, "ఈ రాజు యుద్ధంలో ఓడిపోయినట్టున్నాడు" అన్నారు. ఆయన జోకులు తెలుసుగా, పదేళ్ళకోసారి ఒకటి వేస్తారు, దానికి ఆయనే నవ్వుకుంటారు.

పిల్లల్ని పంపించు. దుకాణం నువ్వు చూసినప్పటిలాగే ఉంది. ఒక కడ్డీకి పోలీసులు, ఒక కడ్డీకి డాక్టర్లు, గోడకి మేకులు, మేకులకి గడ్డాలు. చెట్ల డ్రెస్సులకి ఆకులు ఊడిపోతుంటే మీ బాబాయి గుమ్మం పక్కన మిషను పెట్టుకుని తిట్టుకుంటూ కుడుతున్నారు.

ఫోన్ సంగతి రాశావు కాబట్టి చెబుతున్నా, నవ్వకు. మన దగ్గర సింహం ఒక్కటే కదా. మొన్న ఒక స్కూలువాళ్ళు వార్షికోత్సవానికి సింహం కావాలన్నారు, ఇస్తానన్నాను. మర్నాడు ఇంకో స్కూలువాళ్ళు ఫోన్ చేసి అదే రోజుకి అదే సింహం అడిగారు. లేదు అనాలి. కానీ మన దుకాణంలో ఆ మాట అనకూడదని మీ అమ్మమ్మ పెట్టిన పద్ధతి నీకు తెలుసు. వచ్చినవాళ్ళు వట్టి చేతులతో గుమ్మం దిగకూడదనేది ఆవిడ. పులి లేకపోతే పసుపు చొక్కా మీద చారలు గీసి ఇచ్చిన మనిషి. ఆవిడ కూతుర్నై ఉండి నేను లేదంటానా? ఒక స్కూలుకి తల పంపించాను, ఇంకో స్కూలుకి ఒళ్ళూ తోకా పంపించాను. ఇద్దరూ సర్దుకుంటారనుకున్నాను. సర్దుకోలేదు. రెండు స్కూళ్ళవాళ్ళూ కలిసి వచ్చి దుమ్ము దులిపారు. ఆ పూటే మీ బాబాయి ఫోన్ లాక్కుని జేబులో వేసుకున్నారు.

అది సరేగానీ, పిల్లలు ఏమేం అడుగుతారో ముందే రాసి పంపకూడదూ? పక్కనే జవాబులు కూడా రాస్తే చదివి పెట్టుకుంటాను. నా చిన్నప్పుడు లెక్కల్లో తప్పిన సంగతి మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది, ఆవిడ ఎవరికి చెప్పలేదు కనక. నీ పరీక్షలో మాత్రం తప్పను. నీకు తలవంపులు తేను.

బెదిరిపోయి కూర్చున్న
నీ పిన్ని


జూలై 15

పిన్నీ,

నువ్వు మామూలు మనిషివి కాదు!

పరీక్ష నీకు కాదు, వాళ్ళకని రాద్దామనుకుంటుండగానే పిల్లలు వెళ్ళొచ్చేశారు. ఒకసారి కాదు, వరసగా శనివారాలన్నీ వెళ్ళారు. తిరిగొచ్చి ఒకటే ఆనందం. మా పొడుగబ్బాయి ఉన్నాడు చూడు, తలుపు తగలకుండా వంగి వచ్చేవాడు, వాడే ఎక్కువగా మాట్లాడి ఉంటాడు. "మీ పిన్నిగారి లాంటి క్లయింట్ దొరకడం మా అదృష్టం మేడం" అన్నాడు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

కానీ నీకు ఇన్ని కోరికలు ఉన్నాయని నాకు తెలియదు. వేలిముద్ర పెడితే తెరుచుకునే బీరువాలు. ప్రతి గడ్డానికీ గీతల స్టిక్కరు, దాన్ని చదివే మిషను. డ్రెస్సు ఎక్కడుందో ఫోన్లో మ్యాపు మీద కనబడాలి. కస్టమర్ ఫోటో పెడితే రాజు వేషంలో ఎలా ఉంటాడో చూపించాలి. బాబాయి ఎన్ని కుట్లు వేశాడో లెక్క రావాలి. ఇదంతా నీకు కావాలన్నావట. బాబాయి కుట్లు నీకెందుకు పిన్నీ? మీరిద్దరూ బాగానే ఉన్నారా?

ఇంకో సంగతి. బ్రాంచీలు పెట్టే ఆలోచన ఉందట! పిల్లలు రాసుకొచ్చారు. అమ్మతో అంటే ఆవిడ మొహం మాడ్చుకుంది. "సొంత అక్కని, నాకో మాట చెప్పలేదు" అని రెండుసార్లు అనేసి, ఆ తర్వాత గిన్నెలు గట్టిగా తోమింది. నువ్వే ఆవిడకి సర్దిచెప్పుకో.

ఇవన్నీ కలిపి పిల్లలు లావుపాటి పుస్తకం తయారుచేశారు. హెడ్ గారు దాన్ని చేత్తో ఎత్తి బరువు చూశారు. చదవలేదు, ఎత్తి చూశారు. "పర్లేదే, పని జరిగినట్టే ఉంది" అన్నారు. సెప్టెంబర్ దాకా ఎందుకు, ఆగస్టు మొదటి వారంలోనే కమిటీని పిలుస్తానన్నారు. నువ్వు కూడా రావాలి. క్లయింటు కమిటీ ముందు సంతకం పెట్టాలట, ఇందులో ఉన్నదంతా నాకు కావాలి అని. పెద్ద పనేం కాదు.

పిన్నీ, గట్టెక్కినట్టే ఉంది. నేను నిన్న నా సగం బల్ల మీద చిన్న పూలకుండీ కూడా పెట్టుకున్నాను.

నీ పంతులమ్మ


జూలై 22

పంతులమ్మా,

చూశావా! నేను చెప్పలేదూ తప్పనని! ఒక్క ప్రశ్నకి కూడా తప్పు జవాబు చెప్పలేదు. అన్నిటికీ అవుననే చెప్పాను.

నీ పొడుగబ్బాయి మంచివాడే, మరీ తెలివైనవాడు. "ఆంటీ, బీరువాలు వేలిముద్రతో తెరుచుకుంటే బాగుంటుంది కదా?" అంటాడు. బాగుంటుంది నాయనా అంటాను. "గడ్డాలకి స్టిక్కర్లు కావాలి కదా?" కావాలి నాయనా. "డ్రెస్సు ఎక్కడుందో మ్యాపులో కనబడాలి కదా?" కనబడనీ నాయనా. నేను అవునన్నప్పుడల్లా వాడి మొహం వెలిగిపోతోంది. పక్కన కళ్ళజోడమ్మాయి టకటకా రాసేస్తోంది. అంత ఎండలో పడి వచ్చిన పిల్లల్ని, అందులోనూ నీ పిల్లల్ని, వద్దు అని ఎలా చిన్నబుచ్చను? పైగా నీ ఉద్యోగమాయె.

బీరువాల సంగతి ఇప్పుడు నీకు చెప్పడానికేం? మన దుకాణంలో బీరువాలే లేవు కదే. అన్నీ మేకులూ కడ్డీలూ. మీ బాబాయికి సూది పోట్లతో వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి.

మీ బాబాయికి కుట్లు లెక్కపెట్టే సంగతి ఎలాగో తెలిసింది. ఆ రోజు నుంచి నా వైపు వీపు వచ్చేలా మిషను తిప్పుకున్నారు. మీ అమ్మ ఆయనకి ఫోన్ చేసి, "కోట్లు గడిస్తే మమ్మల్ని గుర్తుపెట్టుకోమని చెప్పండి" అని పెట్టేసిందట. ఏం బ్రాంచీలే? "ఇంకో బ్రాంచి ఉంటే పనికొస్తుంది కదా ఆంటీ" అన్నాడు, ఉంటే మంచిదే నాయనా అన్నాను. అది కూడా రాసేశారా?

అవన్నీ పోనీలే. నాకు ఎన్ని మార్కులొచ్చాయి? అది రాయి ముందు.

సంతోషంగా ఉన్న
నీ పిన్ని


జూలై 28

పిన్నీ,

కొంప ముంచావు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ప్రింట్ల కోసం వచ్చినవాళ్ళు నన్ను దాటుకుని చెయ్యి చాపి తీసుకెళ్ళారు. పరీక్ష నీకు కాదు పిన్నీ! నీకు మార్కులుండవు! నీకు నిజంగా ఏం కావాలో వాళ్ళు కనిపెట్టాలి, అదీ వాళ్ళ పరీక్ష. నువ్వు వద్దనాలి, విసుక్కోవాలి, ఇదేం గొడవ అనాలి. కస్టమర్లు అలాగే ఉంటారు. నువ్వు మాత్రం అన్నిటికీ తలూపావు.

కోపం నీ ఒక్కదాని మీదే కాదు. "కావాలి కదా, బాగుంటుంది కదా" అని జవాబు నోట్లో పెట్టి అడగొద్దని మొదటి క్లాసులోనే బోర్డు మీద ఇంత లావు అక్షరాలతో రాశాను. ఆరుగురూ తలూపారు. వాళ్ళు తలూపారు, నువ్వు తలూపావు, మధ్యలో నేను పూలకుండీ పెట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు. హెడ్ గారు ఆ పుస్తకానికి అట్ట వేయించారు. కమిటీవాళ్ళకి పంపించేశారు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదని తెలిస్తే నా సబ్జెక్టుకి, నాకు అదే ఆఖరి రోజు. హెడ్ గారు అందరి ముందూ అన్న మాటే నిజమవుతుంది.

అందుకని, పిన్నీ, వచ్చి సంతకం పెట్టేసెయ్. ఎవరికీ నష్టం లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఎవరూ తయారుచెయ్యరు. కాగితం మీదే ఉంటుంది. నాకోసం ఒక్క సంతకం.

నీ అక్క కూతురు


జూలై 29

పిన్నీ,

నిన్నటి ఉత్తరం చింపెయ్. సంతకం పెట్టొద్దు.

పొద్దున క్లాసుకి వెళ్ళాను. పొడుగబ్బాయి లేచి, "మేడం, కస్టమర్ అన్నిటికీ సరేనంటే మనం బాగా అడిగినట్టే కదా?" అన్నాడు. ఔనంటే వాడు రేపు ఏ ఆసుపత్రికో, ఏ రైల్వేకో వెళ్ళి ఇలాగే అడుగుతాడు. అక్కడ ఎవరో పాపం వాడి మొహం చూసి సరేనంటారు. నేను ఈ ఉద్యోగం నిలబెట్టుకోవాలనుకుంది ఇది నేర్పడానికా?

వచ్చి నిజం చెప్పు. ఏమైతే అదవుతుంది.

నీ పంతులమ్మ


ఆగస్టు 2

తల్లీ,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. ముందు రెండోది విప్పాను, తర్వాత మొదటిది. ఒకదాంట్లో పెట్టమన్నావు, ఒకదాంట్లో వద్దన్నావు. పెట్టమన్నదాంట్లో నీ అక్షరాలు వణికాయి, వద్దన్నదాంట్లో కూడా వణికాయి. నేను రెండింటికీ సరేనన్నాను, నా సంగతి తెలుసుగా.

మీ బాబాయి మిషను ఇటు తిప్పి, "అయితే ఏం చేస్తావు?" అన్నారు. బస్సెక్కాక ఆలోచిస్తానన్నాను. "నువ్వు అక్కడ కూడా సరేనంటావు" అన్నారు. ఏమో మరి. నాకే తెలియదు.

నీలం చీర కట్టుకొస్తున్నాను. గాభరాలో అన్నం మానకు.

నీ పిన్ని


ఆగస్టు 7

పంతులమ్మా,

నీ మొహం చూడలేక బస్సుకి టైమైందని పారిపోయి వచ్చాను. బస్సు ఇంకా గంటకి గానీ లేదు. బస్టాండులో కూర్చుని, నీ ఉద్యోగం నా నోటితో నేనే పోగొట్టానని ఏడ్చాను. పక్కనున్న ఆవిడ ఎవరో, "ఎవరైనా పోయారా అమ్మా" అని అడిగింది. అవునండీ అన్నాను, కాదని ఎక్కడ వివరించను!

మెట్లెక్కేటప్పుడు సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ఒట్టు. మీ హెడ్ గారు పెన్ను మూత తీసి మరీ నా చేతికిచ్చారు. "ఇందులో ఉన్నవన్నీ మీకు కావాలి కదమ్మా?" అన్నారు. 'ఆ' అనడానికి నాకెంతసేపు? ఈలోపు ఆ పొడుగబ్బాయి కనిపించాడు. ఎంత నమ్మకంగా చూస్తున్నాడే నా వైపు! వాడు నన్ను నిజంగా నమ్మాడు. నేను చెప్పినవన్నీ రాత్రింబవళ్ళు కూర్చుని రాసుకున్నాడు. నేను ఒక్కటి కూడా నిజం చెప్పలేదు వాడికి. నా నోట్లోంచి "వద్దండీ" అని వచ్చింది. నా గొంతేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను.

ఒకసారి అన్నాక ఆగితేగా! వేలిముద్రలు వద్దన్నాను. గడ్డాలకి స్టిక్కర్లు వద్దన్నాను. బ్రాంచీలు అసలే వద్దు, మా అక్క నన్ను చంపుతుందన్నాను. ప్యూను టీ తెస్తే అదీ వద్దన్నాను. నిజానికి టీ కావాలి.

మీ హెడ్ గారి మొహం ఎర్రబడింది. నువ్వు గోడకి అతుక్కుపోయావు. అప్పుడు లేచాడే ఆ పొడుగబ్బాయి. అట్ట వేసిన పుస్తకాన్ని ఒక పక్కకి నెట్టేసి, నా ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, మెల్లిగా, "అయితే ఆంటీ, మీకేం కావాలి?" అన్నాడు.

ఒసేయ్, నేను తెల్లారి లేస్తే అందరినీ "ఏం కావాలండీ" అని అడిగేదాన్ని. నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదే. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి, అంత మందిలో సిగ్గు లేకుండా ముక్కు చీదాను. వాడు తొందరపెట్టలేదు. ఊరికే కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను సింహం సంగతంతా. "నేను లేదని చెప్పలేను నాయనా. చెప్పాలని ఉంటుంది, నోరు రాదు. నా బదులు ఆ మాట చెప్పేదేదైనా కావాలి. నేను బతిమాలినా వినకూడదు" అన్నాను. కమిటీలో ఆ చివర కూర్చున్న బట్టతల ఆయన పగలబడి నవ్వారు. మీ హెడ్ గారు మాత్రం నవ్వలేదు. అది చూసే నేను లేచి వచ్చేశాను.

తిట్టాలనుంటే తిట్టు. ఊరుకోకు.

నీ పిన్ని


ఆగస్టు 12

పిన్నీ,

తిట్టేదేం లేదు. నువ్వు మొదటి 'వద్దండీ' అన్నప్పుడు నా ఉద్యోగం పోయిందనుకున్నాను, అది నిజం. కానీ వాడు కుర్చీ లాక్కున్నప్పుడు నాకు ఏమైందో తెలుసా? ఇంతకాలం బోర్డు మీద రాసింది నా కళ్ళ ముందు జరిగింది. వాడికి నేను సైగ కూడా చెయ్యలేదు. ఇక ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. మర్నాటికి మళ్ళీ పోకూడదనిపించిందనుకో, నేనేం మహానుభావురాల్ని కాను.

నువ్వు వెళ్ళాక హెడ్ గారు ఆ పుస్తకం మూసి, "ఇది ఫెయిల్" అన్నారు. పిల్లలు తలలు వంచుకున్నారు. బట్టతల ఆయన హెడ్ గారి చెవిలో ఏదో అన్నారు. "నెలాఖరుకి మళ్ళీ తీసుకురండి, అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు హెడ్ గారు. నా గురించి ఒక్క మాట కూడా అనలేదు. అంటే ఇంకా వేలాడుతూనే ఉన్నాను.

పిల్లలు మళ్ళీ వస్తారు. ఈసారి ఎక్కువగా అడగొద్దు, ముందు కూర్చుని చూడండి అని చెప్పాను. నువ్వు మాత్రం వాళ్ళ సంతోషం కోసం ఏమీ అనకు. విసుగొస్తే విసుక్కో.

నీ పంతులమ్మ


ఆగస్టు 27

పంతులమ్మా,

విసుక్కున్నానే! కళ్ళజోడమ్మాయి మంత్రి తలపాగా మీద కూర్చుంటే కసిరాను. ఆ పిల్ల భయపడుతుందనుకుంటే, నవ్వి, అది కూడా రాసుకుంది.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చెట్ల డ్రెస్సుల మధ్య కూర్చుని చూశారు. పొడుగబ్బాయి ఈసారి "కదా" అన్న మాటే ఎత్తలేదు. "నిన్న ఎవరొచ్చారు ఆంటీ, ఏమడిగారు, మీరేమన్నారు?" అని అడిగి నోరు మూసుకుని విన్నాడు. మీ బాబాయిని కూడా అడిగారు. ఆయన ఏమన్నారో తెలుసా? "ఆవిడ ఎవరికి ఏం ఒప్పుకుందో నాకు ముందే తెలిస్తే చాలు, బట్ట చిరిగినా కుట్టగలను, మాట చిరిగితే కుట్టలేను" అన్నారు. అంత మాట ఆయన నోట రావడం నేనెప్పుడూ వినలేదు. ఆ పూట ఆయనకి రెండోసారి టీ పెట్టిచ్చాను.

చివరికి వాళ్ళు, రేపు తెర మీద ఎలా కనబడుతుందో అట్టముక్క మీద ఒక బొమ్మ గీశారు. తారీఖులు ఒక పక్క, డ్రెస్సులు ఒక పక్క. ఒకరికి ఒప్పుకున్న డ్రెస్సుకి, అది తిరిగొచ్చే రోజుదాకా గడులు నల్లగా అయిపోతాయి. ఆ గడుల్లో ఇంకొకరికి రాయడానికి వీల్లేదు. "నేను నొక్కితే?" అన్నాను. ఒప్పుకోదన్నాడు. "మరీ పెద్దమనిషి వచ్చి అడిగితే?" ఒప్పుకోదన్నాడు. "నేను ఏడిస్తే?" అన్నాను. "అయినా ఒప్పుకోదు ఆంటీ" అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందంటే, వాడి నెత్తి నిమిరాను. కుర్చీ ఎక్కి నిమరాల్సొచ్చింది.

మీ అమ్మ పోట్లాడదామని బస్సెక్కి వచ్చింది. బ్రాంచీలెక్కడ చూపించమంది. ఉన్న ఒక్క దుకాణం చూపించాను. గడ్డాలన్నీ చిక్కుపడి ఉన్నాయని కూర్చుని విడదీసింది, రెండు రోజులుండి వెళ్ళింది. నీ గురించే బెంగ ఇద్దరికీ. నెలాఖరు వచ్చేస్తోంది. ఆ హెడ్డు ఏమన్నాడో వెంటనే రాయి. ఇక్కడ నాకు ముద్ద దిగడం లేదు.

నీ పిన్ని


సెప్టెంబర్ 3

పిన్నీ,

కూర్చుని చదువు.

ఈసారి పిల్లలు ఒకే ఒక్క కాగితం పట్టుకెళ్ళారు. హెడ్ గారు అలవాటుగా చేత్తో ఎత్తి చూశారు, బరువేం లేదు. చదవక తప్పలేదు. పైనే, నువ్వు అన్నది అన్నట్టుగా, "నేను బతిమాలినా వినకూడదు" అని రాసి ఉంది. దాని కింద అమలుచేసే పద్ధతి. ఆయన రెండుసార్లు చదివారు. "ఇది ఆవిడే చెప్పిందా, మీరు రాసిందా?" అన్నారు. పొడుగబ్బాయి, "ఆవిడే సార్, మేం అడ్డం రాలేదంతే" అన్నాడు. కళ్ళజోడమ్మాయి నీ గురించి, బాబాయి గురించి, రెండు స్కూళ్ళ గురించి చెప్పింది. హెడ్ గారు వింటూ వింటూ పెన్ను పక్కన పెట్టేశారు. అది పాసైంది పిన్నీ. మీ దుకాణానికి నెల తిరక్కుండా పిల్లలే తయారుచేసి పెడతారు.

పిల్లల్ని పంపేసి నన్ను ఒక్కదాన్నే ఉండమన్నారు. ఆయన బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీశారు. "ఆ రోజు మీ పిన్నిగారు వద్దన్నప్పుడే నిన్ను పంపించెయ్యాలని రాసి పెట్టుకున్నాను" అని, దాన్ని నలిపి బుట్టలో వేశారు. ఇంకో కాగితం ముందు పెట్టుకుని, కళ్ళెత్తి, "ఈ ఉద్యోగం నీకు కావాలి కదా?" అన్నారు.

అలా అడగకూడదు పిన్నీ. పిల్లలు అలా అడిగితే నేను మార్కులు కోస్తాను. ఆయనకి కూడా చెబుదామనే నోరు తెరిచాను. కానీ నాకు అప్పుడే తట్టింది, నేను పుట్టి బుద్ధెరిగాక సరేనన్నవన్నీ ఎదుటివాళ్ళ మొహం చూసి అన్నవే. బల్లకి సరే, కుర్చీకి సరే, తోటి మాస్టర్ల క్లాసులు నేను తీసుకోవడానికి సరే. ఏ ఒక్కటీ నాకోసం అనలేదు.

"కావాలి సార్, నాకు చాలా కావాలి" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, బయటి నుంచి ప్యూను తలుపు తీసి చూశాడు. ఆయన నవ్వుతూ సంతకం పెట్టేశారు.

నీ ముద్దుల పంతులమ్మ, పర్మనెంటు